పొలముల మీది కరెంటు తీగలు

(రైతు సదస్సులో చేసిన ప్రసంగ పాఠము)



మీ గ్రామమునకు నేను లోగడ రెండు మూడు పర్యాయములు వచ్చినాను. అప్పుడు పచ్చిరొట్ట ఎరువులను గురించియో, విత్తన శుద్ధిని గురించియో మాట్లాడి వెళ్ళినాను. ఈ పర్యాయము మీ పెద్దలు కబురు చేసి, "అయ్యా, ఎరువుల సంగతి తరువాత చూతము. మా పత్తి చేలలో ఎర్ర రంగు వేసిన రాళ్ళు పాతిపోయినారు. పెద్ద టవర్ల లైను వస్తుందట. ముందు ఆ సంగతి చెప్పండి" అన్నారు. నేను వ్యవసాయ ఇంజనీరింగు చదివినవాడనే గాని వకీలును కాను. లైను వేయు సంస్థ మనిషిని అంతకన్నా కాను. అయినను ఈ విషయమున రైతు తెలిసికొనదగినది చాల ఉన్నది. ఆలస్యముగా తెలిసికొన్నందువలన నష్టపోయిన వారిని నేను చూచినాను. కనుక ఈ దినము ఎరువులను ప్రక్కన పెట్టెదము.

1955లో మాచ్‌ఖండ్ జల విద్యుత్ కేంద్రము పని మొదలుపెట్టినది. 1959లో రాష్ట్ర విద్యుత్ మండలి ఏర్పడినది. ఊరికి మొదటి కరెంటు స్తంభము వచ్చిననాడు పసుపు కుంకుమలు పెట్టి కొబ్బరికాయ కొట్టిన గ్రామములు ఎన్నో ఉన్నవని మా నాయనగారు చెప్పెడివారు. మోట తోలి అలసిన భుజములకు ఆ తీగ దేవుని వలెనే కనుపించినది. నేడును కరెంటు లేనిదే మన బోరు లేదు, మన పంట లేదు. కనుక తీగలు వద్దని ఎవరును అనుట లేదు. ఎవరి పొలము మీదుగా, ఎంత ఎత్తున, ఏమి చెల్లించి తీసికొనిపోవుచున్నారు అన్నదే ప్రశ్న.

ముందుగా తీగల జాతులు తెలిసికొనవలెను. మన మోటారుకు వచ్చునది 400 వోల్టుల చిన్న తీగ. ట్రాన్స్‌ఫార్మరు దాక వచ్చునది 11 కె.వి., అనగా పదకొండు వేల వోల్టులు. సబ్‌స్టేషన్ల మధ్య నడచునది 33 కె.వి. ఈ మూడును సిమెంటు స్తంభముల మీదనే పోవును. 132, 220, 400, 765 కె.వి. లైన్లు ఇనుప టవర్ల మీద పోవును. రైతులు టవరును చూచి భయపడెదరు, స్తంభమును చూచి భయపడరు. ప్రాణముల మాట తీసికొన్నచో ఇది తలక్రిందులైన భయము. టవరు తీగ చేతికి అందదు. మన ప్రాణము తీయునది ప్రతి దినము మనము క్రిందుగా నడచిపోవు పదకొండు వేల తీగయే.

ఇక్కడ నా స్వంత అనుభవమొకటి చెప్పవలెను. సుమారు ఇరువది ఏండ్ల క్రిందట మా మేనమామగారి పొలములో బోరు వేసినారు. నీళ్ళు చూచువాడు అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకొని తిరిగినాడు. అది నిలిచిన చోట బోరు దింపినారు. పైన 11 కె.వి. తీగ ఉన్నది, కాని నీరు పడిన సంతోషములో ఎవరును పైకి చూడలేదు. మూడేండ్లకు మోటారు కాలినది. నలుగురు కలిసి ఇనుప పైపులు పైకి లాగుచున్నారు. ఒక పైపు విప్పి నిలువుగా ఎత్తిరి. అంతే. ఇద్దరు అక్కడనే పోయినారు. వారిలో ఒకడు నాతో కలిసి బడికి వచ్చినవాడు. మరునాడు నేను తీగ ఎత్తు కొలిపించినాను. పదునైదున్నర అడుగులున్నది. నిబంధన ఎంత? పొలములలో పదకొండు వేల నగ్న తీగ భూమి నుండి 4.6 మీటర్లకు తగ్గరాదు, అనగా పదునైదు అడుగుల పైన ఒక అంగుళము. తీగ నిబంధన ప్రకారమే ఉన్నది! మరి బోరు పైపు పొడవు ఎంత? ఇరువది అడుగులు.

ఈ రెండు అంకెలు, పదునైదు, ఇరువది, మీరు జ్ఞాపకముంచుకొనినచో నేను వచ్చిన పని సగము తీరినట్లే. లైను సక్రమముగా ఉన్నను దాని క్రింద బోరు ఉండరాదు. కొబ్బరికాయ నిలిచినను, యంత్రము సూచించినను, తీగకు ఇరు ప్రక్కల కనీసము పైపు పొడవుకు రెండింతల దూరము విడిచి బోరు వేయించుకొనండి. ఇదివరకే తీగ క్రింద బోరు ఉన్నవారు పైపులు లాగుటకు ముందు లైన్‌మన్‌కు చెప్పి, లైను ఆపించి, ఆగినదని అతడు వచ్చి చెప్పిన తరువాతనే చేయి వేయవలెను. "ఇప్పుడు మన ఫీడరుకు కరెంటు లేదులే" అను లెక్క పనికిరాదు. కరెంటు ఎప్పుడు వచ్చునో తీగను చూచి ఎవరు చెప్పగలరు?

ఇదే లెక్క గడ్డి బండికిని వర్తించును. ట్రాక్టరు ట్రక్కు మీద గడ్డి పన్నెండు అడుగుల ఎత్తు వేసి, పైన మనిషి నిలుచున్నచో అతని తల ఎక్కడ ఉండును? లెక్క మీరే వేసికొనండి. వరికోత యంత్రము గింజలు పోయు గొట్టమును పైకి లేపి తిరుగునప్పుడు, మామిడికాయలు కోయు చిక్కపు కర్ర ఎత్తునప్పుడు, స్ప్రింక్లరు పైపులు భుజమున వేసికొని త్రిప్పునప్పుడు ఇదే ప్రమాదము. ఎండిన వెదురు ఫరవాలేదందురు. మంచు కురిసిన తెల్లవారుజామున వెదురు ఎండినదా తడిసినదా అని ఆలోచించు తీరిక చేతికి ఉండదు. ఇప్పుడు మందు చల్లుటకు డ్రోనులు వచ్చినవి. వానికిని తీగలే శత్రువులు. చల్లువానికి ముందుగా తీగలున్న గట్టు చూపి మరి పని ఒప్పజెప్పండి.

తీగ ఎత్తు ఎల్లకాలము ఒక్కటిగా ఉండదు. ఎండకును, ఎక్కువ కరెంటు లాగినప్పటి వేడికిని తీగ సాగి క్రిందికి వేలాడును. నల్లరేగడిలో స్తంభము వానకు వాచి, ఎండకు ఎండిన మట్టితో పాటు కదలి ఒరుగును. మట్టికి లోబడక నిలుచునట్లు పాతిన స్తంభమును మనమే బలహీనపరచు సందర్భములు గూడ ఉన్నవి. స్తంభము పొడవులో ఆరవ వంతు భూమిలో ఉండవలెనను నియమమున్నది. మనము మడి చదును చేయుచు దాని మొదట మట్టి తీసికొనిపోయినచో ఆ ఆరవ వంతు ఏమగును? ఇంకొకటి. చెరువు పూడిక మట్టి పొలమునకు తోలుకొనుట మంచి పని. నేనే ఎన్నో చోట్ల చెప్పినాను. కాని అడుగు మందమున మట్టి పోసినచో తీగ అడుగు క్రిందికి వచ్చినట్లే గదా. ఈ మాట ఆనాడు చెప్పనందులకు ఇప్పుడు చెప్పుచున్నాను.

వేలాడుచున్న తీగను చూచినచో నోటి మాటతో సరిపెట్టరాదు. 1912 నెంబరుకు ఫోను చేసి, ఫిర్యాదు నెంబరు అడిగి వ్రాసికొనండి. పంచాయతీ ద్వారా ఒక కాగితము గూడ సెక్షన్ కార్యాలయములో ఇచ్చి, నకలు మీద సంతకము చేయించుకొనండి. ఈ కాగితము ఎందుకనగా, తీగ తెగి మనిషియో పశువో పోయినప్పుడు "మాకు ఎవరును చెప్పలేదు" అను మాట వినవలసి వచ్చును. అయితే ఆ మాట న్యాయస్థానములో పెద్దగా నిలువదు. మధ్యప్రదేశ్‌లో రోడ్డు మీద పడియున్న తీగ తగిలి సైకిలు మీద పోవుచున్న వ్యక్తి మరణించినాడు. అన్యుడెవడో దొంగతనముగా తీగ తగిలించినందున తెగినదని విద్యుత్ మండలి వాదించినది. ప్రమాదకరమైన వస్తువును సరఫరా చేయువారు తమ తప్పు లేకున్నను బాధ్యులేయని సుప్రీంకోర్టు 2002లో తీర్పు చెప్పినది. కాగితము లేకున్నను హక్కు ఉన్నది. కాగితమున్నచో తిరుగుడు తగ్గును. పశువు పోయినప్పుడు తొందరపడి పూడ్చివేయకండి. పశువైద్యుని శవపరీక్ష, పంచనామా, విద్యుత్ తనిఖీ అధికారి విచారణ, ఈ మూడును జరుగవలెను.

పశువుల ప్రసక్తి వచ్చినది గనుక ఒక మాట. ఎద్దును స్తంభమునకు గాని, దానిని లాగిపట్టు స్టే వైరుకు గాని కట్టరాదు. తీగ తెగి నేల మీద పడినప్పుడు కరెంటు నేలలో నలుదిక్కుల వ్యాపించును. ఆ నేల మీద ఒక కాలికిని మరియొక కాలికిని మధ్య ఎంత ఎడమున్నదో అంత ప్రమాదము. పశువు ముందు కాళ్ళకు, వెనుక కాళ్ళకు మధ్య ఎడమెక్కువ. గుండె ఆ దారిలోనే ఉండును. అందుకే మనిషికి జలదరింపు కలిగిన చోట ఎద్దు పడిపోవును. మనిషి అట్టి నేల మీద చిక్కుకొన్నచో పరుగెత్తరాదు. రెండు పాదములు దగ్గరగా చేర్చి, నేల విడువక జరుపుకొనుచు దూరము పోవలెను. ట్రాక్టరుకు తీగ తగిలినప్పుడు దిగకుండ కూర్చుండుటయే క్షేమము. మంటలు లేచి దిగక తప్పనప్పుడు ట్రాక్టరును, నేలను ఒక్కసారి తాకకుండ రెండు కాళ్ళు కలిపి దుమికివేయవలెను.

ట్రాన్స్‌ఫార్మరు ఎక్కి ఫ్యూజు వేయుటను గురించి చెప్పినచో మీరు నవ్వెదరు. "లైన్‌మన్ వచ్చుసరికి మడి ఎండిపోవును" అందురు. నిజమే. ఒక్కొక్కరికి ఎన్ని గ్రామములు అప్పగించినారో నేనును చూచుచున్నాను. ఇది మీ తప్పు మాత్రమే కాదు. కాని మడి ఎండినచో ఒక పంట పోవును. అంతకు మించి చెప్పను. అడవి పందుల కొరకు కంచెకు కరెంటు పెట్టువారు మాత్రము వినవలెను. అది నేరము. ఆ తీగకు తగులునది పందియే అని మాట ఇచ్చువారెవరు? రాత్రి నీరు కట్టుటకు పోయిన ప్రక్క పొలము రైతులు అట్లు పోయినారు.

ఇక మీ ఎర్ర రాళ్ళ సంగతికి వచ్చెదము.

"మా భూమి, మా అనుమతి లేకుండ ఎట్లు వేసెదరు?" అని మీరడిగినారు. పెద్ద లైన్లు వేయు సంస్థలకు 2003 విద్యుత్ చట్టము 164వ విభాగము క్రింద, 1885 నాటి టెలిగ్రాఫు చట్టములోని అధికారములు ఇచ్చెదరు. ఆ అధికారమున్నచో యజమాని సమ్మతి అవసరము లేదని సుప్రీంకోర్టు 2016లో గూడ చెప్పినది. 2023లో కొత్త టెలికమ్యూనికేషన్ల చట్టము వచ్చినను, విద్యుత్ లైన్ల మట్టుకు పాత చట్టములోని ఆ భాగమునే నిలిపి ఉంచినారు. ఈ మాట మీకు రుచింపదు. నాకును రుచింపలేదు. కాని లేని ఆశ కల్పించి మిమ్ము కోర్టుల చుట్టు త్రిప్పుట కంటె ఉన్నది చెప్పుట మేలు. అట్టి అధికారము లేని చిన్న లైన్లకు మాత్రము 2006 నిబంధనల ప్రకారము మీ సమ్మతి గాని, మీరు కాదన్నచో కలెక్టరు అనుమతి గాని ఉండవలెను. కనుక వచ్చినవారిని మొదట అడుగవలసిన ప్రశ్న, "మీకు 164 క్రింద ఉత్తరువు ఉన్నదా? నకలు చూపండి" అని.

అదే పాత చట్టము రైతుకు మూడు మంచి మాటలు గూడ చెప్పినది. లైను వేసినంత మాత్రమున భూమి వారిది కాదు, వాడుకొను హక్కు మాత్రమే వారిది. సాధ్యమైనంత తక్కువ నష్టము చేయవలెను. జరిగిన నష్టమునకు, దానితో సంబంధమున్న వారందరికిని పూర్తి పరిహారము ఇయ్యవలెను. "అందరికిని" అన్న మాట కౌలు రైతులు గట్టిగా పట్టుకొనవలెను. పట్టా ఎవరి పేరనున్నను, త్రొక్కబడిన పత్తి ఎవరు పెట్టినదో ఆ నష్టము వారిది. పరిహారము చాలలేదన్నచో జిల్లా జడ్జి వద్దకు పోవచ్చును. భూమి ఉన్న చోటు, తీగ దూరము, లైను ఓరగా పోవుచున్నదా నడిమధ్యగా చీల్చుచున్నదా అన్నవన్నియు లెక్కలోనికి తీసికొనవలెనని 2007లో కేరళ కేసులో సుప్రీంకోర్టు చెప్పినది.

ఎంత వచ్చును? కేంద్ర విద్యుత్ మంత్రిత్వ శాఖ 2015 అక్టోబరులో మార్గదర్శకములు ఇచ్చినది. 66 కె.వి. మొదలు పై లైన్లకు టవరు కాళ్ళ నడుమ భూమికి విలువలో 85 శాతము, తీగల క్రింది పట్టీకి గరిష్ఠము 15 శాతము అన్నారు. 2024 జూనులో ఆ మొదటి దానిని 200 శాతమునకు, రెండవ దానిని 30 శాతమునకు పెంచినారు. అయితే ఇవి రాష్ట్రము తన ఉత్తరువు ద్వారా అంగీకరించినప్పుడే మీ చేతికి వచ్చును. కాబట్టి ఏ ఉత్తరువు ప్రకారము లెక్క కట్టినారో వ్రాతమూలకముగా అడుగండి. పట్టీ వెడల్పు 2015 పట్టిక ప్రకారము 132 కె.వి.కి 27 మీటర్లు, 220కి 35, 400కి 46. ఉదాహరణకు 400 కె.వి. లైను మీ చేలో నూరు మీటర్ల పొడవున పోయినదనుకొనండి. 4,600 చదరపు మీటర్లు, అనగా సుమారు 114 సెంట్లు, మన గుంటలలో ఒక ఎకరా ఐదున్నర గుంటలు. ఎకరము విలువ పది లక్షలుగా కట్టినచో పట్టీ భూమి విలువ పదకొండు లక్షల ముప్పదియేడు వేలు. 15 శాతమున లక్షా డెబ్బది వేలు, 30 శాతమున మూడు లక్షల నలుబది వేలు వచ్చును. పన్నెండు మీటర్ల చదరపు టవరు ఉన్నచో అది మూడున్నర సెంట్లే. 200 శాతమున కట్టినను డెబ్బది వేలే. చూచినారా? అందరును టవరు డబ్బు గురించి తగవులాడుదురు. అసలు మొత్తము తీగల క్రింద ఉన్నది. టవరు లేని పొలము రైతు "నాకేమి రాదు" అనుకొని ఇంట కూర్చుండరాదు.

పంట నష్టము, చెట్ల నష్టము దీనికి వేరు. లైను రాకముందే ఉన్న చెట్టుకే పరిహారము, తరువాత నాటిన దానికి లేదు. కనుక ఇప్పుడే, ఈ వారములోనే, ప్రతి మామిడికి, టేకుకు, కొబ్బరికి తేదీతో ఫోటో తీయించి, పహాణిలోనో అడంగలులోనో వ్రాయించుకొనండి.

లైను జరుపుటకు వీలున్నదా? రాళ్ళు పాతిన దశలో కొంత ఉన్నది. పునాది తవ్విన తరువాత లేదు. 400 కె.వి. టవర్ల నడుమ సాధారణముగా 400 మీటర్ల వరకు ఎడముండును. వంపు లేని నేరుగీతలో టవరును కొలది గజములు ముందుకో వెనుకకో జరిపి గట్టు మీదికి తెచ్చుట సాధ్యము. మలుపు టవరును కదిలించుట కష్టము. బోరు మీదుగా పోవుచున్నచో అది అందరికన్న ముందు చెప్పవలసిన అభ్యంతరము. పనులు కోత తరువాత పెట్టుమని అడుగండి. గుంత తవ్వునప్పుడు పై జానెడు మట్టిని విడిగా పోయించి, పూడ్చిన తరువాత తిరిగి పైన పరపించండి. లేనిచో క్రింది సున్నపు మట్టి పైకి వచ్చి, నాలుగైదు పంటలు అక్కడ మొలక సరిగా రాదు. దీనిని గురించి ఒప్పందములో ఒక్క వాక్యము చాలును, కాని ఎవరును వ్రాయించుకొనరు.

తీగల క్రింద వరి, పత్తి, మిరప, కంది నిరభ్యంతరముగా వేసికొనవచ్చును. చెరకు గూడ వేసెదరు. కాని కోత తరువాత అక్కడ ఆకు తగులబెట్టరాదు. పొగ, మంట తీగల దాక లేచినచో కరెంటు వాని వెంట దిగును. వాము వేయరాదు, ఇల్లు కట్టరాదు. 400, 765 కె.వి. తీగల క్రింద తేనెపెట్టెలు పెట్టరాదు, ఈగలు నిలువవు. అచ్చట ట్రాక్టరును ముట్టుకొన్నచో చురుక్కుమనును. అది తీగ నుండి కారిన కరెంటు కాదు. గాలిలోని విద్యుత్ ప్రభావము రబ్బరు చక్రముల మీదున్న ఇనుములో చేరుటయే. నేలకు తగులునట్లు ఒక గొలుసు వేలాడదీసినచో పోవును. డీజిలు మాత్రము అక్కడ పోయరాదు. లైను వెంబడి పోవు కంచె తీగకు అక్కడక్కడ ఎర్తు చేయించవలెను. వానకాలములో జుమ్మను శబ్దము వచ్చును. వినుటకు భయముగా ఉండును గాని తడిగాలి వలన కలుగునదే.

ఇక ఆడవారు వెనుక వరుస నుండి అడిగిన ప్రశ్న. "పిల్లలకు జబ్బులు వచ్చునా?" దీనికి అవునని గాని కాదని గాని ఒక్క మాటలో చెప్పువాని మాట నమ్మకండి. 1979లో అమెరికాలోని డెన్వరు నగరమున ఒక పరిశీలన జరిగిన నాటి నుండి ఈ చర్చ ఉన్నది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధనా సంస్థ 2002లో తీగల అయస్కాంత క్షేత్రమును "క్యాన్సరు కలిగించుటకు అవకాశమున్నది" అను వర్గములో చేర్చినది. ఇది రుజువైన వర్గము కాదు, దానికి రెండు మెట్లు క్రిందిది. ఎల్లవేళల ఎక్కువ క్షేత్రములో నివసించు పిల్లలలో రక్త క్యాన్సరు కొంచెము హెచ్చుగా కనబడినది, కాని కారణము తీగయే అని తేలలేదు. క్షేత్రము దూరముతో త్వరగా తగ్గిపోవును. దినమునకు నాలుగు గంటలు చేలో పని చేయువారికన్న, రాత్రింబవళ్ళు పిల్లలు పడుకొను ఇంటి సంగతియే ముఖ్యము. మీ ఊరి చివరి ఇండ్లు, అంగన్‌వాడీ భవనము లైనుకు ఎంత దూరమో రేపు కొలిచెదము. పట్టీలో పడుచున్నచో అభ్యంతరములలో మొదటి వరుసన దానిని వ్రాసెదము. దగ్గరగా ఉన్నను లైను దూరము జరుపుమని అడుగుటలో తప్పు లేదు.

రేపు ఉదయము ఎనిమిది గంటలకు పంచాయతీ కార్యాలయము వద్ద కలిసికొందము. రాళ్ళు పాతిన సర్వే నెంబర్లు వరుసగా వ్రాయవలెను. పాసుపుస్తకము నకలు, కౌలుదారులైనచో ఆ కాగితము, చెట్ల లెక్క తీసికొని రండి. నేను కొలత గొలుసు తెచ్చెదను. మూడవ రాయి దగ్గర బోరున్న రైతు అందరికన్న ముందు రావలెను. అక్కడినుండియే మొదలుపెట్టెదము.